పలుచదనం వేరు, తేలిక వేరు: స్లిమ్ ల్యాప్‌టాప్ కొనేముందు పోర్టుల లెక్క

షోరూమ్‌లో స్లిమ్ ల్యాప్‌టాప్‌ని ఒంటిచేత్తో పైకెత్తగానే కొనాలన్న నిర్ణయం సగం అయిపోతుంది. బరువు చేతికి వెంటనే తెలుస్తుంది. పక్కన రెండే రంధ్రాలున్న సంగతి మాత్రం సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ వైరు పట్టుకుని నిలబడ్డప్పుడు గానీ తెలియదు.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. కంపెనీలు పోర్టులు తీసేసేది బరువు తగ్గించడానికి కాదు, మందం తగ్గించడానికి. లాన్ (ఇంటర్నెట్ వైరు) సాకెట్‌కి సెంటీమీటరు పైన ఎత్తు కావాలి. హెచ్‌డీఎంఐ ప్లగ్గు, మనం టైప్-ఏ అనే పాత యూఎస్‌బీ ప్లగ్గు ఒక్కోటి దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్ల మందం. టైప్-సీ రెండున్నర మిల్లీమీటర్లలో సర్దుకుంటుంది. బరువు చూస్తే ఈ సాకెట్లన్నీ కలిపినా గ్రాముల లెక్కే. 2022లో వచ్చిన ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ మందం 11.3 మి.మీ., బరువు 1.24 కిలోలు. దానికి ఉన్నవి రెండు టైప్-సీ పోర్టులు, ఛార్జింగ్‌కి అయస్కాంతపు సాకెట్, ఇయర్‌ఫోన్ రంధ్రం. అదే కాలపు లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ మందం 15 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. రెండు థండర్‌బోల్ట్ 4 (టైప్-సీ ఆకారంలోనే ఉండే వేగమైన రకం), రెండు టైప్-ఏ, ఒక హెచ్‌డీఎంఐ పెట్టుకుని కూడా బరువు 1.1 కిలోల దగ్గరే ఆగింది. నాలుగు మిల్లీమీటర్లు ఒప్పుకుంటే మూడు సాకెట్లు అదనంగా వచ్చాయి, భుజం మీద భారం తగ్గింది కూడా. జేబు మీద మాత్రం తగ్గదు, కార్బన్ ఫైబర్ చవక సరుకు కాదు.

కాబట్టి దుకాణంలో "తేలికది కావాలి" అని అడగండి, "పలుచనిది కావాలి" అనకండి. రెండూ ఒకటే అనుకునేలా చూపించడం అమ్మేవాళ్ల పని.

పోర్టులు మరీ తగ్గిస్తే ఏమవుతుందో కంపెనీలకూ తెలిసొచ్చింది. 2015లో యాపిల్ 920 గ్రాముల 12 అంగుళాల మ్యాక్‌బుక్ తెచ్చింది. ఇయర్‌ఫోన్ రంధ్రం కాక దానికున్నది ఒకే ఒక్క టైప్-సీ. ఛార్జింగ్ పెడితే పెన్ డ్రైవ్‌కి చోటుండదు. 2019లో ఆ మోడల్ ఆగిపోయింది. 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి తీసేసిన హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు స్లాట్ 2021లో తిరిగొచ్చాయి. ఛార్జింగ్‌కీ డేటాకీ కలిపి ఒకే ఒక్క పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ ఎంత చవకగా దొరికినా వద్దు. అసలు లెక్క రెండు పోర్టుల దగ్గర మొదలవుతుంది.

ఒక వారం కాగితం మీద రాయండి

ఇప్పుడు వాడుతున్న ల్యాప్‌టాప్‌కి వారం రోజుల్లో ఏమేం గుచ్చారో రాసిపెట్టుకోండి. మొత్తం ఎన్ని వస్తువులన్నది ముఖ్యం కాదు. ఒకే సమయంలో ఎన్ని గుచ్చి ఉన్నాయి, అప్పుడు మీరు ఎక్కడున్నారు, ఈ రెండూ రాయాలి. బల్ల దగ్గర వాడేవి ఒక వరుస, బయట వాడేవి ఇంకో వరుస.

బల్ల దగ్గరి వరుసలో ఎనిమిది వస్తువులున్నా దిగులక్కర్లేదు. మానిటర్, కీబోర్డు, లాన్ వైరు, ఛార్జింగ్ అన్నీ ఒక డాక్‌కి (బల్ల మీదే ఉండే, చాలా సాకెట్లున్న పెట్టె) తగిలించి ఉంచితే ల్యాప్‌టాప్‌కి ఒకే వైరు వస్తుంది. ఈ విషయంలో రెండు పోర్టుల ల్యాప్‌టాపే నయం, పొద్దున్నే నాలుగు వైర్లు గుచ్చే పని తప్పుతుంది.

తేల్చేది బయటి వరుస. ఛార్జర్‌తో పాటు ఒకటి మాత్రమే వాడుతుంటే రెండు పోర్టులు చాలు. ఛార్జర్, ఇంకో రెండు ఒకేసారి కావాల్సి వస్తే హబ్ (ఒక పోర్టుని చాలా సాకెట్లుగా మార్చే చిన్న పెట్టె) లేకుండా గడప దాటలేరు. ఆ పరిస్థితి వారానికి రెండు మూడు సార్లు వస్తుంటే హబ్‌ని కూడా ల్యాప్‌టాప్ బరువులోనే కలపండి. హబ్, ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, ఒకటి రెండు చిన్న అడాప్టర్లు కలిసి సుమారు పావు కిలో. 1.2 కిలోల మెషీన్ కాస్తా 1.45 అయింది. ఆ బరువులో అన్ని సాకెట్లూ ఉన్న మంచి ల్యాప్‌టాపే వస్తుంది.

మన దగ్గర కొన్ని వృత్తులకు ఈ లెక్క మరీ తేడాగా ఉంటుంది. ఆడిటర్లు, టెండర్లు వేసే కాంట్రాక్టర్లు వాడే డిజిటల్ సంతకం టోకెన్ (వాళ్ల భాషలో డీఎస్‌సీ, టీచర్ల పరీక్ష కాదు) ఎక్కువగా టైప్-ఏ ప్లగ్గుతోనే వస్తుంది. మీసేవ కేంద్రాల్లోనూ బ్యాంకు కరస్పాండెంట్ల దగ్గరా ఉండే వేలిముద్రల స్కానర్లూ చాలావరకు అంతే. ఈ రెండింటికీ పోర్టు ఆకారం ఒక్కటే సరిపోదు, డ్రైవర్ కూడా కావాలి. మ్యాక్ కొనేవాళ్లు తమ టోకెన్, స్కానర్ మోడల్ పేరుతో మ్యాక్ డ్రైవర్ ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. కాలేజీల్లో పాత ప్రొజెక్టర్లకు ఇంకా నీలం రంగు వీజీఏ వైర్లే వేలాడుతుంటాయి. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కి కార్డు రీడర్, బ్యాకప్ డిస్కు, ఛార్జర్ మూడూ ఒకేసారి కావాలి. నెట్‌వర్క్ ఇంజినీర్‌కి కన్సోల్ కేబుల్, లాన్ తప్పవు. ఇతరుల వస్తువులు తరచూ తమ ల్యాప్‌టాప్‌కి గుచ్చుకోవాల్సిన వాళ్లెవరైనా సరే, పలుచదనం కోసం డబ్బు పెట్టకండి.

రంధ్రం ఒకేలా ఉన్నా పని ఒకేలా ఉండదు

టైప్-సీ అన్నది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో నుంచి డేటా 480 ఎంబీపీఎస్‌తో పోవచ్చు, 40 జీబీపీఎస్‌తోనూ పోవచ్చు. మానిటర్‌కి బొమ్మ రావచ్చు, రాకపోవచ్చు. ఛార్జింగ్ ఎక్కవచ్చు, ఎక్కకపోవచ్చు. రెండే పోర్టులున్న మెషీన్‌లో ఒకటి వట్టి డేటా పోర్టయితే మీ దగ్గరున్నది నిజానికి ఒకటిన్నర పోర్టు.

పోర్టు పక్కన చెక్కిన గుర్తులు చూడండి. మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, చాలావరకు అన్నీ పనిచేస్తాయి. త్రిశూలం లాంటి గుర్తు పక్కన 5, 10, 20, 40 అంకె ఉంటే అది జీబీపీఎస్‌లో వేగం. ఇంగ్లిషు డి, పి అక్షరాలు పెనవేసుకున్నట్టు కనిపిస్తే మానిటర్‌కి బొమ్మ వస్తుంది. బ్యాటరీ లేదా ప్లగ్గు బొమ్మ ఉంటే ఛార్జింగ్ ఎక్కుతుంది. చాలా ల్యాప్‌టాప్‌ల మీద ఏ గుర్తూ ఉండదు. అప్పుడు కంపెనీ సైట్లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ కాగితం తీసి ఒక్కో పోర్టుకీ "డిస్‌ప్లేపోర్ట్" (బొమ్మకి), "పవర్ డెలివరీ" లేదా పీడీ (ఛార్జింగ్‌కి) అనే రెండు మాటలున్నాయా చూడాలి. ఆన్‌లైన్ అమ్మకం పేజీల్లో "టైప్-సీ x 2" అని ఊరుకుంటారు, దాన్ని నమ్మకండి.

దుకాణంలో కొంటుంటే రెండు వస్తువులు వెంట తీసుకెళ్లండి: 65 వాట్ల పీడీ ఛార్జర్, టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్. డెమో మెషీన్ ఆన్ చేయించి ఛార్జర్‌ని ఒక్కో పోర్టులో పెట్టి ఛార్జింగ్ గుర్తు వస్తుందో చూడండి. తర్వాత కేబుల్‌ని అక్కడున్న టీవీకి తగిలించి మళ్లీ ఒక్కో పోర్టూ పరీక్షించండి. ప్లగ్గు పెట్టాక చివరను మెల్లగా పైకీ కిందకీ కదపండి. కొత్త మెషీన్‌లోనే వదులుగా ఊగితే రెండేళ్ల తర్వాత ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అన్నీ కలిపి పది నిమిషాల పని. సేల్స్‌మ్యాన్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

రెండు పోర్టులూ ఒకే పక్కన ఉన్నాయా, చెరో పక్కనా అన్నదీ గమనించండి. చెరో పక్కన ఉంటే ప్లగ్ పాయింట్ ఎటున్నా వైరు మౌస్ చేతికి అడ్డం రాదు. లావుపాటి హబ్ పెడితే పక్క పోర్టు మూసుకుపోయే బాధా ఉండదు. ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందన్నది కూడా ఊహించుకోకండి. డెల్ 2022లో తెచ్చిన ఎక్స్‌పీఎస్ 13లో రెండు థండర్‌బోల్ట్ పోర్టులే, ఇయర్‌ఫోన్‌కి రంధ్రమే లేదు.

హబ్ కొనేటప్పుడు

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. పెట్టె మీద "4కే" అని పెద్దగా, "30 హెర్ట్జ్" (తెర మీద బొమ్మ సెకనుకు 30 సార్లు మారుతుందని) అని చిన్నగా ఉంటుంది. 30 హెర్ట్జ్‌లో మౌస్ బాణం ఈదుతున్నట్టు కదులుతుంది, పేజీ కిందికి జరిపితే అక్షరాలు తడబడతాయి, గంటలో కళ్లు లాగుతాయి. 60 హెర్ట్జ్ కావాల్సిందే.

ఈ 30, 60 గొడవ ఎందుకొస్తుందో తెలుసుకుంటే సరైన హబ్ దానంతటదే దొరుకుతుంది. టైప్-సీలో 24 పిన్నులుంటాయి. వాటిలో వేగంగా డేటా మోసేవి నాలుగు లేన్లు. నేరుగా మానిటర్‌కి కేబుల్ వేస్తే నాలుగూ బొమ్మకే పోతాయి. మధ్యలో మామూలు హబ్ పెడితే రెండు లేన్లు బొమ్మకి, రెండు యూఎస్‌బీ 3కి పంచాలి. 4కే 60 హెర్ట్జ్‌కి సుమారు 12.5 జీబీపీఎస్ కావాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే రెండు లేన్లలో 8.64 మాత్రమే వస్తుంది, అందుకే 30కి పడిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే అవే రెండు లేన్లలో 12.96 వస్తుంది, పని జరుగుతుంది. అంటే హబ్ ఒక్కటి 1.4 అయితే చాలదు, ల్యాప్‌టాప్ పోర్టు కూడా 1.4 అయి ఉండాలి. ల్యాప్‌టాప్ పాతదైతే హబ్‌ని వదిలేసి, ఒక పోర్టు నుంచి మానిటర్‌కి నేరుగా టైప్-సీ–హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి. ఆ కేబుల్ కూడా 60 హెర్ట్జ్‌దే కావాలి. నాలుగు లేన్లూ దొరకడంతో అదే 1.2 మీద 60 హెర్ట్జ్ వస్తుంది. తగిలించాక విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి, అక్కడినుంచి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 60 ఉందో 30 ఉందో చూసుకోండి. హబ్ వెనక్కివ్వడానికి గడువు ఉండగానే చూడాలి.

రెండు మానిటర్లు కావాలంటే ఇంకో చిక్కు. ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు నడుపుతుంది, ఎం4 మూత తెరిచి ఉన్నా రెండు నడుపుతుంది. రెండు హెచ్‌డీఎంఐలున్న మామూలు హబ్‌ని విండోస్‌కి తగిలిస్తే రెండింటి మీదా వేర్వేరు బొమ్మలు రావచ్చు, మ్యాక్‌లో మాత్రం రెండింటి మీదా ఒకటే బొమ్మ వస్తుంది. ఆ తరహా విభజనని మ్యాక్ ఓఎస్ ఒప్పుకోదు. డిస్‌ప్లేలింక్ చిప్పున్న డాక్, దాని సాఫ్ట్‌వేర్ వేసుకుంటే దారి దొరుకుతుంది. కోడింగ్‌కీ ఎక్సెల్‌కీ అది చక్కగా సరిపోతుంది, ఓటీటీ సినిమాలకు మాత్రం మ్యాక్‌లో నల్ల తెరే మిగలొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేసుకుందాం. లాన్ పోర్టు "గిగాబిట్" అని ఉందో లేదో చూడండి. అలా లేకపోతే 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగుతుంది, ఇంట్లో 300 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నా లాభం లేదు. కార్డు రీడర్ యూఎస్‌బీ 2దా 3దా అడగండి. 64 జీబీ కార్డు సెకనుకు 90 ఎంబీతో దిగితే 12 నిమిషాలు, 35 ఎంబీతో దిగితే అరగంట. వీజీఏకి విడిగా చిన్న అడాప్టర్ కొనుక్కోవడమే మేలు, హబ్‌లో వీజీఏ ఉంటే సైజు పెరుగుతుంది. ఆ అడాప్టర్ టైప్-సీ నుంచి వీజీఏకి వెళ్లేదై ఉండాలి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేవి దిశ తిరగేసి పనిచేయవు. టైప్-సీ ఇయర్‌ఫోన్ అడాప్టర్ లోపల డాక్ చిప్పు (బల్ల మీద పెట్టే డాక్ వేరు, ఇది ధ్వనిని మార్చే చిప్పు) ఉన్నదే తీసుకోండి. చిప్పు లేని చవక రకం చాలా ల్యాప్‌టాప్‌లలో మూగగా కూర్చుంటుంది.

వైరు లేకుండా ల్యాప్‌టాప్ అంచుకి అతుక్కునే హబ్‌లు ఫొటోల్లో అందంగా ఉంటాయి. వాటికి తగిలించిన ప్రతి కేబుల్ బరువూ సాకెట్ మీదే పడుతుంది. జానెడు వైరున్న హబ్ తీసుకుని బల్ల మీద పడుకోబెట్టండి. సాకెట్‌ని పది వేల సార్లు తీసి పెట్టేందుకు తయారుచేస్తారు, అది లెక్క ప్రకారం గట్టిదే. అది చెడేది వాడకం వల్ల కాదు, వేలాడే బరువు, వైరు కాలికి తగిలి పక్కకి లాగడం వల్ల. రెండే పోర్టులున్నప్పుడు ఒకటి విరిగితే సగం పోయినట్టు. సాకెట్ చిన్న విడి బోర్డు మీద ఉంటే బోర్డు మార్చి ఇస్తారు, మదర్‌బోర్డుకే అతికి ఉంటే ఖర్చు చాలా పెద్దది. కొనేముందు సర్వీస్ సెంటర్‌లో మోడల్ పేరు చెప్పి ఇదొక్కటి అడిగి తెలుసుకోండి.

కరెంటు లెక్క

హబ్ ద్వారా ఛార్జింగ్ పెడితే హబ్ తన వాటా ముందే తీసుకుంటుంది. "100 వాట్లు" అన్న హబ్‌లు తరచుగా 15 వాట్లు అట్టిపెట్టుకుని 85 వదులుతాయి. అదే హబ్‌కి 65 వాట్ల ఛార్జర్ పెడితే ల్యాప్‌టాప్‌కి అందేది 50. టైపింగ్‌కి అది చాలు. వీడియో ఎడిటింగ్ చేస్తుంటే ఛార్జింగ్ పెట్టి ఉన్నా బ్యాటరీ నెమ్మదిగా దిగుతుంది, జనం బ్యాటరీ పాడైందనుకుంటారు.

ఫోన్ ఛార్జర్ మీద 80 వాట్లు అని ఉన్నంత మాత్రాన ల్యాప్‌టాప్‌కి 80 రావు. ఆ వేగం చాలాసార్లు ఆ కంపెనీ ఫోన్‌కే పరిమితం. ఛార్జర్ మీది చిన్న అక్షరాల్లో పీడీ వరుసలో 20 వోల్టులు ఉందా చూడండి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు ఉంటే 65 వాట్లు. 9 వోల్టుల దగ్గరే ఆగిపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లు నెమ్మదిగా తీసుకుంటాయి, కొన్ని అసలు పట్టించుకోవు. కేబుల్‌కీ ఇదే వర్తిస్తుంది. 60 వాట్లు దాటాలంటే 5 ఆంపియర్లకు తగిన, లోపల గుర్తింపు చిప్పున్న కేబుల్ ఉండాలి.

ఛార్జర్‌తో వచ్చిన కేబుల్ లావుగా ఉందని దానితో ఎస్‌ఎస్‌డీ తగిలించకండి. ఛార్జింగ్ కేబుళ్లు చాలావరకు డేటా విషయంలో యూఎస్‌బీ 2వే. 50 జీబీ కాపీ చేయడానికి దానిమీద ఇరవై నిమిషాలు పడుతుంది, 10 జీబీపీఎస్ కేబుల్ మీద మంచి ఎస్‌ఎస్‌డీతో నిమిషంలో అయిపోతుంది. రెండు కేబుళ్లూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదానికి రంగు టేపు చుట్టిపెట్టుకోండి.

టైప్-సీతో ఒక పెద్ద సుఖం కూడా ఉంది, కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంక్‌తో ల్యాప్‌టాప్ నడుస్తుంది. 65 వాట్ల పీడీ ఇచ్చే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో 74 వాట్-అవర్లుంటాయి. దారి నష్టాలు పోను సుమారు 60 దక్కుతాయి, అంటే స్లిమ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఒకసారి నిండుతుంది. విమానంలో 100 వాట్-అవర్ల లోపువి చేతిసంచిలోనే తీసుకెళ్లాలి, చెక్-ఇన్ బ్యాగులో వేయకూడదు.

తరచూ ఎదురయ్యే తలనొప్పులు

మౌస్ ఆగి ఆగి కదులుతుంటే సెల్ మార్చే ముందు డాంగిల్ (వైరు లేని మౌస్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే ఈ సంగతి ప్రచురించింది. హబ్‌లో హార్డ్ డిస్క్ పక్కనే డాంగిల్ పెడితే మౌస్ ఆ రొదలో మునిగిపోతుంది. డాంగిల్‌ని యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ వైరుతో అడుగు దూరం జరపండి, లేదా బ్లూటూత్ మౌస్ కొనండి, ఒక పోర్టు మిగులుతుంది. హబ్ పెట్టగానే వైఫై మందగిస్తే కారణం చాలాసార్లు ఇదే, రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

హార్డ్ డిస్క్ టిక్ టిక్ మని ఆగిపోతే చాలాసార్లు కరెంటు చాలకే. తిరిగే డిస్కు మొదలయ్యేటప్పుడు 5 వోల్టుల మీద ఒక ఆంపియర్ వరకూ లాగుతుంది. ఛార్జర్ తగిలించని హబ్‌కి రెండు డిస్కులు వేయకండి.

హబ్ నుంచి ఛార్జర్ లాగితే చాలా హబ్‌లు ఒక్క క్షణం అన్నింటినీ వదిలేసి మళ్లీ పట్టుకుంటాయి. మానిటర్ నల్లబడి తిరిగొస్తుంది, ఫర్వాలేదు. ఆ క్షణంలో డిస్కుకి ఫైల్ వెళ్తుంటే ఫైల్ పాడవుతుంది, లాన్ మీద కాల్ నడుస్తుంటే తెగుతుంది. కాపీ పూర్తయ్యేదాకా ఛార్జర్ ముట్టుకోకండి. సంతకం టోకెన్‌ని ముందు గుచ్చి, ఆ తర్వాతే సంతకం సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ తెరవండి. పని మధ్యలో హబ్ కదిలితే మొత్తం మళ్లీ మొదటినుంచే.

హబ్ వేడెక్కడం మామూలే. పట్టుకోలేనంత కాలుతుంటే, లేదా అరగంటకోసారి లాన్ పడిపోతుంటే మార్చేయండి.

పలుచదనానికి ఇంకో మూల్యం లోపల ఉంటుంది. ఇలాంటి మెషీన్లలో ర్యామ్ ఎక్కువగా బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేరు. నాలుగేళ్లు వాడాలనుకుంటే 16 జీబీ కంటే తక్కువ తీసుకోకండి. ఫ్యాన్ లేనివి నిశ్శబ్దంగా ఉంటాయి గానీ పది పదిహేను నిమిషాల భారీ పని తర్వాత వేగం తగ్గించుకుంటాయి. మే నెలలో ఏసీ లేని గదిలో ఇంకా ముందే తగ్గిస్తాయి.

కొనేశాక సంచిలో ఉండాల్సినవి నాలుగే: టైప్-సీ నుంచి టైప్-ఏకి వెళ్లే చిన్న అడాప్టర్లు రెండు (ఒకటి ఎలాగూ పోతుంది), 60 హెర్ట్జ్ హెచ్‌డీఎంఐ ఉన్న వైరు హబ్, వీజీఏ అడాప్టర్, టేపు చుట్టిన డేటా కేబుల్. ఆరు నెలలకోసారి మెషీన్ ఆపేసి పోర్టులోకి టార్చ్ వేసి చూడండి. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగడం లేదంటే చాలాసార్లు సాకెట్ పాడైనట్టు కాదు, సంచిలోని నూలు పీచు అడుగున గడ్డకట్టినట్టు. మధ్యలోని సన్నని పలక తగలకుండా చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తీసేయండి, పిన్నీసుతో మాత్రం కాదు.